జీతం స్లిప్పు లేని ఇంటికి సొంతిల్లు: శుక్రవారం అడ్వాన్స్ ఇచ్చే ముందు

ప్రశ్న అడిగిన అమ్మాయి చెప్పినది క్లుప్తంగా ఇది. విజయవాడలో అమ్మానాన్నలది టిఫిన్ బండి. తను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తుంది, 16 వేల జీతం బ్యాంకులో పడుతుంది. అద్దె 6,500, నెలకు 5 వేల చీటీ. చేతిలో మూడున్నర లక్షలు ఉన్నాయి. పాయకాపురంలో 48 గజాల్లో చిన్న స్లాబ్ ఇల్లు, 19 లక్షలు చెబుతున్నారు. బీ-ఫారం పట్టా, దాని మీద నోటరీ కాగితాలు. 8 లక్షలకే రిజిస్ట్రేషన్ చేస్తామని అమ్మేవాళ్ల మాట. బ్యాంకు వాళ్లు ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) లేదని పంపేశారు. ఒక ప్రైవేటు హౌసింగ్ ఫైనాన్స్ ఏజెంటు మాత్రం 15 లక్షలు పద్నాలుగున్నర శాతానికి ఇప్పిస్తానని, పైగా 2 లక్షల 67 వేలు సబ్సిడీ వస్తుందని అంటున్నాడు. శుక్రవారం లక్ష అడ్వాన్స్ ఇవ్వాలి. ఇవ్వాలా, వద్దా?

ఇవ్వొద్దమ్మా. ఈ శుక్రవారం మాత్రం ఇవ్వొద్దు. ఎందుకో చెప్పడానికి కాస్త పెద్దగానే రాయాల్సి వస్తుంది.

నేను పద్దెనిమిదేళ్లు చిన్న ఇళ్ల అప్పుల ఫైళ్లు చూశాను. మొదట ఫీల్డ్‌లో, తర్వాత మంజూరు చేసే కుర్చీలో. ఆటో నడిపేవాళ్లు, తాపీ మేస్త్రీలు, బ్యూటీ పార్లర్లు పెట్టుకున్నవాళ్లు, మీలాంటి టిఫిన్ బండ్లు. వీళ్లకు ఇల్లు అందకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమని బయట అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో సగం మందికి డబ్బు ఉంది. లేనిది కాగితం. ఆ కాగితాలు రెండు రకాలు: ఒకటి సంపాదన కాగితం, రెండోది స్థలం కాగితం. మొదటిది లేకపోతే ఏడాది, ఏడాదిన్నరలో మనమే తయారు చేసుకోవచ్చు. రెండోది చెడ్డదైతే మనం ఎంత కష్టపడ్డా బాగుపడదు. మీ వాళ్లు ఇప్పుడు సంపాదన కాగితం లేదని దిగులుపడి, స్థలం కాగితం సంగతి వదిలేస్తున్నారు.

ముందు స్థలం సంగతి చూద్దాం.

బీ-ఫారం పట్టా అంటే ఒకప్పుడు ప్రభుత్వం ఒక పేద కుటుంబానికి ఇచ్చిన ఇంటి స్థలం. ఇలాంటి అసైన్డ్ స్థలాలు చేతులు మారకుండా 1977లోనే చట్టం తెచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లు గడిచిన ఇళ్ల స్థలాలను అమ్ముకోవడానికి వెసులుబాటు ఇచ్చారు, ఆ గడువు మీద నిబంధనలు మారుతూ వచ్చాయి. అందుకే 'పట్టా స్థలం కొనకూడదు' అని గుండుగుత్తగా అననూ లేను, 'ఏం కాదు కొనేయండి' అనీ అనలేను. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, లేదా? ఆ శాఖ ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ దస్తావేజు ముందుకు కదలదు. అక్కడితో ఈ ఇంటి కథ అయిపోయినట్టే.

జాబితాలో లేకపోతే అప్పుడు ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. పదమూడేళ్లకు కాదు, కనీసం ముప్పై ఏళ్లకు. పట్టా ఎవరి పేరిట వచ్చిందో అక్కడి నుంచి ఇప్పుడు అమ్ముతున్న మనిషి దాకా గొలుసు తెగకుండా రావాలి. మీ విషయంలో ఆ గొలుసు నోటరీ కాగితాల మీద నడిచింది. నోటరీ చేసేది సంతకం పెట్టిన మనిషి ఎదురుగా ఉన్నాడని సాక్ష్యం చెప్పడం, అంతే. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. నోటరీ మీద కొన్నవాడు అమ్ముతానంటే, అతని చేతిలో అమ్మడానికి హక్కు లేదు, ఆశ మాత్రమే ఉంది. అసలు పట్టాదారుగానీ, ఆయన వారసులందరూగానీ వచ్చి సంతకం పెడితే తప్ప ఆ గొలుసు అతకదు. 'వాళ్లు ఊళ్లోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు' అని అమ్మేవాడు అంటాడు. అయితే పిలవమనండి. అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ఇవ్వకముందే.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, డోర్ నంబరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఎవరి పేరిట పన్ను కట్టినా కార్పొరేషన్ తీసుకుంటుంది. అది మీకు హక్కు ఇవ్వదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి మూడు, నాలుగేళ్లలో ఒక తాపీ మేస్త్రీ ఫైలు నా సంతకంతో వెళ్లింది. ఈసీ శుభ్రంగా ఉంది, పన్ను రసీదులు ఉన్నాయి, మనిషి మంచివాడు. స్థలం అంతకు ముందు చేతులు మారినట్టు చూపే పాత లింకు డాక్యుమెంటు ఒకటి లేదు, 'తర్వాత తెస్తా' అన్నాడు. నేను సరే అన్నాను. ఆరేళ్ల తర్వాత కూతురి పెళ్లికి ఇల్లు అమ్ముదామని వెళ్తే, ఆ స్థలంలో సగం కాలువ పోరంబోకు అని తేలింది. కంతు ఒక్కటీ తప్పకుండా కట్టాడు. కట్టిన ఇల్లు అమ్ముకోలేకపోయాడు. ఆ తర్వాత నేను 'తర్వాత తెస్తా' అన్న ఫైలు మీద సంతకం పెట్టలేదు.

మీది పాయకాపురం కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. ఇల్లు చూడ్డానికి పగలు ఒకసారి వెళ్లారు కదా, ఇంకోసారి ఒంటరిగా వెళ్లి పక్కింటి ఆవిడను అడగండి: 'నీళ్లు ఎంత దాకా వచ్చాయండీ?' అని. అమ్మేవాడు గోడలకు కొత్త సున్నం వేయించి ఉంటాడు, పక్కింటి గోడ మీద మరక మాత్రం ఇంకా ఉంటుంది. అది మోకాలి ఎత్తా, ఛాతీ ఎత్తా అన్నదాన్ని బట్టి ధరలో బేరం ఆడాలి.

ఇప్పుడు 8 లక్షల రిజిస్ట్రేషన్ సంగతి. ఇది మీకు ఉపకారం అన్నట్టు చెబుతారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన దగ్గర ఏడున్నర శాతం. 19 లక్షల మీద 1,42,500, 8 లక్షల మీద 60 వేలు. ఎనభై రెండు వేలు మిగిలాయి కదా అనిపిస్తుంది. కానీ అప్పు ఇచ్చేవాడు దస్తావేజులో రాసిన ధర, వాల్యుయేషన్ చేసినాయన చెప్పిన ధర, ఈ రెండింట్లో ఏది తక్కువో దాని మీదే లెక్క కడతాడు. 8 లక్షల దస్తావేజు మీద 15 లక్షల అప్పు ఎక్కడి నుంచి వస్తుంది? 'మేం చూసుకుంటాం' అని ఏజెంటు అన్నాడంటే, ఇంటి మరమ్మతుల అంచనా అని ఒక దొంగ కాగితం పుట్టించబోతున్నాడని అర్థం. ఆ కాగితం కింద సంతకం మీ నాన్నది.

డబ్బున్నవాళ్లు బ్లాక్‌లో కొనగలరు, ఎందుకంటే వాళ్ల చేతిలో నగదు ఉంటుంది. అప్పు మీద కొనేవాళ్లకు అది కుదరదు. చిన్న కుటుంబాలు ఇళ్లకు దూరం కావడానికి నేను చూసిన పెద్ద కారణాల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అమ్మేవాడికి నేరుగా చెప్పండి: 'మాకు లోన్ కావాలి, అసలు ధర రాస్తేనే కొంటాం' అని. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదనీ, జరిమానా తీసుకున్నవాడికే పడుతుందనీ నెమ్మదిగా గుర్తు చేయండి. కొందరు ఆ మాటకు దిగి వస్తారు. కొందరు ఇంకొకరికి అమ్ముకుంటారు. అమ్ముకోనివ్వండి.

సరే, స్థలం కాగితం బాగుంది, ధర మొత్తం తెల్లగా రాస్తున్నారనే అనుకుందాం. మూడున్నర లక్షలు సరిపోతాయా?

30 లక్షల లోపు ఇంటి అప్పు అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు పరిమితి. 'ఇవ్వొచ్చు' అన్నారు గానీ ఇచ్చి తీరాలని కాదు. జీతం స్లిప్పు లేని ఫైలుకు చాలామంది 80 దగ్గర ఆగుతారు. అంటే 19 లక్షల ఇంటికి మీ చేతి నుంచి 3 లక్షల 80 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇంటి విలువలో కలవదు, 10 లక్షల లోపు ఇళ్లకే ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి ఇంకో 1,42,500. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, ఇన్సూరెన్సు, సామాను మార్చే ఖర్చు, ఒక తలుపు, ఒక మోటారు... అన్నీ కలిపి ఓ 45 వేలు వేసుకోండి. మొత్తం దాదాపు 5 లక్షల 70 వేలు. మీ దగ్గర ఉన్నది మూడున్నర.

ఆ మిగతా 2 లక్షల 20 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? ఎక్కడి నుంచి తెస్తారో నాకు తెలుసు. మూడు రూపాయల వడ్డీకి. నెలకు 6,600 వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. మీరు ఇప్పుడు కట్టే అద్దె అంత.

నా అనుభవంలో చిన్న కుటుంబాల ఇళ్లు వేలానికి పోయింది ఎక్కువగా ఇంటి అప్పు వల్ల కాదు, ఆ పక్కన తెచ్చిన రెండు లక్షల వల్ల. బయట అప్పు ఇచ్చినవాడు సాయంత్రం బండి దగ్గరకు వచ్చి నిలబడతాడు, ఫైనాన్స్ కంపెనీ నుంచి ఫోను మాత్రమే వస్తుంది. మనిషి ఎవరికి ముందు కడతాడు? నిలబడ్డవాడికే. అలా మూడు కంతులు ఆగి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది, ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. స్వాధీనం మీద 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉంది. కానీ పొద్దున నాలుగింటికి పిండి రుబ్బుకునేవాళ్లు ట్రిబ్యునళ్ల చుట్టూ ఎక్కడ తిరుగుతారు?

ఇప్పుడు వడ్డీ లెక్క. 15 లక్షలు, ఇరవై ఏళ్లు, పద్నాలుగున్నర శాతం అంటే నెలకు 19,200. అదే తొమ్మిది శాతానికైతే దాదాపు 13,500. నెలకు 5,700 తేడా. ఇరవై ఏళ్లకు 13 లక్షల 70 వేలు.

ఇంకోలా చూడండి. మీరు ఇప్పుడు అద్దె 6,500, చీటీ 5 వేలు, మొత్తం 11,500 నెలనెలా ఎవరూ అడక్కుండానే కడుతున్నారు. ఇది మీ నిజమైన శక్తి, కంపెనీ వాళ్ల ఎక్సెల్ షీట్ చెప్పే శక్తి కాదు. ఆ 11,500 కంతుకు తొమ్మిది శాతం వడ్డీ అయితే దాదాపు 12 లక్షల 75 వేల అప్పు వస్తుంది. పద్నాలుగున్నర అయితే 9 లక్షలు. మనిషి అదే, కష్టం అదే, బండి అదే. సంపాదన కాగితం లేనందుకు మీ ఇంటికి పడే జరిమానా మూడు లక్షల డెబ్బై ఐదు వేలు అన్నమాట.

ఆ జరిమానాను తగ్గించుకోవచ్చు. ఏడాది పని ఉంది.

అప్పు ఇచ్చేవాళ్లు మీ నాన్నగారి సంపాదన ఎలా చూస్తారో తెలిస్తే ఏం చేయాలో మీకే తడుతుంది. నేను ఫీల్డ్‌లో ఉన్నప్పుడు పొద్దున ఆరున్నరకల్లా బండికి కాస్త దూరంగా నిలబడేవాణ్ని. ఒక ప్లేటు తిని డబ్బులిచ్చి, ఎవరో చెప్పకుండా గంటసేపు లెక్క పెట్టేవాణ్ని. తర్వాత వెళ్లి పరిచయం చేసుకుని మొదట అడిగేది 'నెలకు ఎంత వస్తుంది' అని కాదు. 'రోజుకు మినప్పప్పు ఎన్ని కిలోలు నానబోస్తారమ్మా?' అని ఇంటావిడను. మూడు కిలోలు అంటే మా లెక్కలో మూడు వందల ఇడ్లీలు. ప్లేటుకు నాలుగు, డెబ్బై ఐదు ప్లేట్లు, ముప్పై రూపాయల చొప్పున 2,250. అట్లు, గారెలు, పునుగులు కలిపి ఇంకో 1,800. పప్పు, రవ్వ, నూనె, పల్లీలు, గ్యాసు, చేతికింద పిల్లాడి కూలి పోతే 1,500 దాకా మిగులు. వానలు, పండగలు, జ్వరాలు తీసేసి నెలకు 24 రోజులే లెక్క వేసేవాళ్లం. 36 వేలు. చివర్లో 19 కిలోల సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందని అడిగేవాణ్ని. మనిషి అమ్మకం పెంచి చెప్పినా సిలిండర్ అబద్ధం చెప్పదు.

ఇలా బండి దగ్గరకొచ్చి ఇడ్లీలు లెక్క పెట్టే ఖర్చు, శ్రమ, ఆ లెక్క తప్పితే వచ్చే నష్టం, ఇవన్నీ కలిసే పద్నాలుగున్నర శాతం. బ్యాంకు ఇడ్లీలు లెక్క పెట్టదు, కాగితం చూస్తుంది. కాబట్టి ఇడ్లీలను కాగితం మీదకు ఎక్కించాలి.

బండి మీద క్యూఆర్ కోడ్ ఎవరి పేరిట ఉంది? చాలా ఇళ్లలో అది కొడుకు ఫోనుకో, మేనల్లుడి ఖాతాకో ఉంటుంది. వెంటనే నాన్నగారి పేరిటో అమ్మ పేరిటో ఒకే ఖాతాకు మార్చండి. నగదుగా వచ్చినదాన్ని కూడా వారానికి రెండుసార్లు అదే ఖాతాలో వేయండి, సరుకుకు తీసేది అందులోంచే తీయండి. పన్నెండు నెలల స్టేట్‌మెంట్ మీ తరఫున మాట్లాడుతుంది. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు కార్పొరేషన్ నుంచి తీసుకోండి. దాని మీద పీఎం స్వనిధి చిన్న అప్పు తీసుకుని గడువులోగా తీర్చేస్తే వ్యాపారం ఉందనడానికి ఒక ప్రభుత్వ కాగితం, అప్పు తీర్చారనడానికి ఒక రికార్డు, రెండూ ఒకేసారి వస్తాయి. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పెద్ద ఖర్చు లేనివే. ఉద్యమ్‌కు అసలు ఫీజే లేదు, మీసేవ పక్కన కూర్చున్న ఏజెంటుకు వెయ్యి ఇవ్వకండి.

ఐటీఆర్ వేయించండి. చిన్న వ్యాపారులకు లెక్కల పుస్తకాలు లేకుండా అంచనా లాభం చూపించే పద్ధతి ఉంది, ఇన్నాళ్లూ 44ఏడీ అని పిలిచింది అదే. మీ వాళ్ల నిజమైన మిగులు చూపించినా పన్ను పడదు. బ్యాంకులు సాధారణంగా రెండేళ్ల రిటర్నులు అడుగుతాయి, అందుకే ఈ పని ఇవాళే మొదలుపెట్టాలి. లోన్ కోసమని ఆదాయం రెండింతలు చేసి ఒకేసారి వేసే కన్సల్టెంట్లు వీధికొకరు ఉన్నారు. అలాంటి ఫైలు మేం దూరం నుంచే పట్టేసేవాళ్లం: ఖాతాలో 4 లక్షలు కూడా తిరగలేదు, రిటర్నులో 7 లక్షల లాభం!

ముగ్గురి సిబిల్ రిపోర్టులూ (ఎవరి అప్పుల చరిత్ర ఎలా ఉందో చూపేవి) తీయండి, ఏడాదికోసారి ఉచితం. ఎప్పుడో ఫ్రిజ్ కొన్న కంతుల్లో 1,800 మిగిలిపోయి ఫైలు ఆగినవాళ్లను నేను చూశాను. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే ఆ అప్పు కూడా చూసుకోండి. ఎవరికైనా హామీ సంతకం పెట్టారేమో కూడా అడగండి, ఇళ్లలో ఇది దాచిపెడతారు. అసలు అప్పే తీసుకోని మనిషికి స్కోరు ఉండదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, కౌంటర్ దగ్గర గట్టిగా అడగొచ్చు.

మరి మీ జీతం. ఫైలులో అందరికంటే బలమైన కాగితం మీదే, అందుకే ఏజెంటు మిమ్మల్ని కో-అప్లికెంట్‌గా పెట్టమంటాడు. పెట్టొచ్చు. కానీ అప్పులో మీ పేరు ఉంటే దస్తావేజులోనూ మీ పేరు ఉండాలి. ఆడపిల్లల జీతం మీద అప్పు తీసి ఇల్లు అన్నదమ్ముల పేరిట రాసిన ఫైళ్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి, అందుకే చెబుతున్నా. రేపు మీకు పెళ్లయితే ఆ కంతు ఎవరు కడతారు, మీ పేరు మీద ఇంకో అప్పు దొరక్కపోతే ఎలా, ఈ మాటలు ఇప్పుడే అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా మాట్లాడండి.

సబ్సిడీ గురించి ఏజెంటు చెప్పింది పాత పాట. 2 లక్షల 67 వేలు వచ్చిన పథకం 2022 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడున్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ 2.0, 2024 సెప్టెంబరు 1 నుంచి. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉంటే, మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం వడ్డీ రాయితీ. గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, అదీ ఐదు వార్షిక విడతల్లో అప్పు ఖాతాలో పడుతుంది. చేతికి రాదు, అడ్వాన్స్‌కు పనికిరాదు. కుటుంబంలో ఎవరికీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ ఇంటి పథకం ఏదీ పొంది ఉండకూడదు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. 2020 డిసెంబరు నుంచి పంచిన ఇళ్ల స్థలాల్లో మీ అమ్మగారి పేరిట ఏమైనా వచ్చిందా? పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు, సెంటంటే 48.4 గజాలు, మీరు కొనబోయే ఇంటి స్థలమంత. విజయవాడ వాళ్లకు చాలామందికి 2023లో అమరావతి రాజధాని ప్రాంతంలో పేదల ఇళ్లకని పెట్టిన ఆర్5 జోన్‌లో పట్టాలు ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో హైకోర్టు అక్కడ ఇళ్ల నిర్మాణం ఆపింది. అలాంటి పట్టా బీరువాలో ఉంటే బయటకు తీయండి, వార్డు సచివాలయంలో దాని స్థితి కనుక్కోండి. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఫ్లాట్ల మాటా అడగొచ్చు. అయితే బండి మీద బతికేవాళ్లకు ఊరి చివర ఇల్లంటే రోజూ తెల్లవారుజామున పిండి గిన్నెలతో ఆటో ఖర్చు. ఉచితంగా వచ్చిన ఇల్లు తాళం వేసి మళ్లీ అద్దెకు వచ్చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లను తప్పు పట్టను.

ఈ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో వరంగల్ నుంచి ఒకరు తమకు సొంత స్థలం ఉందని, తెలంగాణ ప్రభుత్వ పథకంలో ఇందిరమ్మ ఇల్లు వచ్చిందని రాశారు. మీది వేరే లెక్క బాబూ. 5 లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి: బేస్‌మెంట్ అయ్యాక, గోడలయ్యాక, స్లాబ్ పడ్డాక, పూర్తయ్యాక. ప్రతిసారీ ముందు మీరు పెట్టాలి, తర్వాత వాళ్లు ఇస్తారు. కాబట్టి బేస్‌మెంట్‌కు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోకుండా ముగ్గు పోయొద్దు. 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే కట్టాలి, మేస్త్రీ 'ఇంకో గది లాగుదాం సార్' అంటే వినొద్దు.

మళ్లీ విజయవాడకు వస్తాను. ప్రైవేటు కంపెనీ దగ్గర అప్పు తీసుకోవడం పాపమని నేననను, ఇరవై ఏళ్లు ఆ అన్నమే తిన్నాను దాదాపుగా. స్థలం కాగితం నిఖార్సుగా ఉండి, ధర మంచిదై, చేతి డబ్బు సరిపోయి, వడ్డీ ఒక్కటే ఎక్కువైతే తీసుకోండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా వేయకూడదు. రెండేళ్లు కంతులు తప్పకుండా కట్టి, ఈలోగా రెండు ఐటీఆర్‌లు వేసి, బ్యాంకుకు మార్చేసుకోవచ్చు. అందుకే సంతకానికి ముందు అడగాల్సిన మొదటి మాట 'ఫ్లోటింగా, ఫిక్స్‌డా?' రెండోది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు నుంచి ప్రతి ఇంటి అప్పుకూ అది ఇచ్చి తీరాలి. వడ్డీ కాక ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఇన్సూరెన్సు పేరుతో ఓ 60, 70 వేలు అప్పులోనే కలిపేస్తారు, అది మీకు తెలియకుండా కలిసిందేమో అందులోనే కనిపిస్తుంది. నాన్నగారి మీద చిన్న టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే చాలాసార్లు చౌక.

ఆ ఇంటి మీద మనసు పడిపోయి ఉంటే కనీసం ఇలా చేయండి. లక్ష కాదు, పది వేలు ఇవ్వండి, బ్యాంకు ద్వారా. అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి: లీగల్ అభ్యంతరం వచ్చినా, లోన్ మంజూరు కాకపోయినా అడ్వాన్స్ మొత్తం వాపసు. ఈ వాక్యం రాయడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే, కాగితం సంగతి ఆయనకు మీకంటే బాగా తెలుసన్నమాట. 'పట్టా మీద కూడా ఇస్తాం' అన్నది ఏజెంటు, కంపెనీ లాయరు ఇంకా ఏమీ అనలేదు.

ఏడాది ఆగితే ధరలు పెరుగుతాయని నాన్నగారు అంటారు. పెరగొచ్చు, ఆయన మాట కొట్టిపారేయను. కానీ 48 గజాల ఇల్లు ఏడాదిలో లక్షో, లక్షన్నరో పెరిగినా, వడ్డీలో తగ్గేది దాని కంటే ఎన్నో రెట్లు. ఈలోగా ఒక ప్రయోగం చేయండి: వచ్చే నెల నుంచి అద్దె, చీటీ పోను ఇంకో 3 వేలు మీ జీతంలోంచి ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. మొత్తం నెలకు 14,500 అవుతుంది. ఆరు నెలలు టెన్షన్ లేకుండా కట్టగలిగితే మీ ఇల్లు 16 లక్షల దాకా అప్పు మోయగలదు, తొమ్మిది శాతం దగ్గర. నాలుగో నెలకే చేబదుళ్లు మొదలైతే ఆ సంగతి ఇల్లు తాకట్టులో లేనప్పుడే తెలిసిపోయింది, మంచిదే.

పట్టా జిరాక్స్ తీసుకుని దాని మీద ఉన్న సర్వే నంబరు, పట్టా ఇచ్చిన సంవత్సరం, 22ఏలో ఏం కనిపించిందీ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం పెట్టొద్దు.